చాట్ సర్వర్ల వివరాలు సేకరించే స్కానర్ స్క్రిప్టులు రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫీసులోనో కాలేజీలోనో నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకూ, సెక్యూరిటీ నేర్చుకుంటున్న విద్యార్థులకూ పనికొస్తుందని ఈ పేజీ రాశాను. ఎక్కువగా ఎన్‌మ్యాప్ (నెట్‌వర్క్‌లోని యంత్రాలనూ వాటి పోర్టులనూ స్కాన్ చేసే ప్రోగ్రాము) గురించి, దానిలో లువా భాషలో రాసే స్క్రిప్టుల గురించి ఉంటుంది. చాట్ సర్వర్లలో ఐఆర్‌సీ, ఎక్స్‌ఎంపీపీ అనే రెండు చాట్ ప్రోటోకాళ్లనే వివరంగా తీసుకున్నాను. ఈ రెండూ బాగా అర్థమైతే మిగతావి సులువవుతాయి.

చాట్ సర్వర్‌ని స్కాన్ చేయడమంటే అందులో జనం మాట్లాడుకునేది చదవడమా?

కాదు. తలుపు తట్టిన ఎవరికైనా సర్వర్ తనంతట తాను చెప్పే వివరాలు కొన్ని ఉంటాయి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఎంతమంది కనెక్ట్ అయి ఉన్నారు, ఎన్‌క్రిప్షన్ ఉందా, లాగిన్ ఏ పద్ధతుల్లో జరుగుతుంది, కొత్త అకౌంటు ఎవరైనా తెరుచుకోవచ్చా. స్క్రిప్టు అడగాల్సింది ఇవే. ఐఆర్‌సీలో ఛానెళ్లలో ఉన్నవాళ్ల పేర్లు కూడా తేలిగ్గానే దొరుకుతాయి. దొరికినా తీసుకోకండి. సర్వర్ ఆరోగ్యం తెలుసుకోవడానికి మనుషుల పేర్లు అక్కర్లేదు. రిపోర్టులోకి ఒకసారి ఎక్కిన పేరు ఎన్ని చేతులు మారుతుందో మన చేతిలో ఉండదు.

ఈ రోజుల్లో ఐఆర్‌సీ ఎవరు వాడుతున్నారు? దానికి స్క్రిప్టులు అవసరమా?

వాడుతున్నారు. 1988లో ఫిన్లాండ్‌లోని ఔలు యూనివర్సిటీలో యార్కో ఓయికారినెన్ మొదలుపెట్టిన ఈ పద్ధతి మీద ఇప్పటికీ చాలా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల చర్చలు నడుస్తున్నాయి. 2021 మే నెలలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ నుంచి పెద్ద సంఖ్యలో ప్రాజెక్టులు లిబెరా చాట్ అనే ఇంకో నెట్‌వర్క్‌కి మారిపోయాయి కానీ ఐఆర్‌సీని వదిలెయ్యలేదు.

నెట్‌వర్క్ కాపలా చూసేవాళ్లకు మాత్రం అసలు కారణం వేరే ఉంది. ఎప్పుడో ఎవరో పెట్టి మరిచిపోయిన చాట్ సర్వర్ ఏళ్ల తరబడి అప్‌డేట్ లేకుండా నడుస్తూ ఉంటుంది. అన్‌రియల్ ఐఆర్‌సీడీ అనే ఐఆర్‌సీ సర్వర్ సాఫ్ట్‌వేర్ సంగతి చూడండి. ఆ సాఫ్ట్‌వేర్ 3.2.8.1 వెర్షన్ డౌన్‌లోడ్ ఫైలును ఎవరో 2009 నవంబరులో కొన్ని మిర్రర్ సర్వర్లలో (అవే ఫైళ్ల నకళ్లు ఉంచే సర్వర్లలో) మార్చేశారు. అందులో దొంగదారి పెట్టారు. ఆ సంగతి 2010 జూన్‌లో గానీ బయటపడలేదు. ఆ ఫైలుతో పెట్టిన సర్వర్‌కి ఒక చిన్న అక్షరాల వరస ముందుంచి ఏ ఆదేశం పంపినా ఆ యంత్రం మీద అమలైపోయేది, పాస్‌వర్డ్ కూడా లేకుండానే. ఏడు నెలలు. మీ నెట్‌వర్క్‌లో ఎక్కడ ఏ చాట్ సర్వర్ ఏ వెర్షన్‌తో నడుస్తోందో రాసిపెట్టుకుని ఉంటే, ఇలాంటి వార్త వచ్చిన రోజున ఎక్కడికి పరుగెత్తాలో వెంటనే తెలుస్తుంది. లేకపోతే ఆ రోజంతా టెన్షనే.

ఇంకోటి. బాట్‌నెట్లు నడిపేవాళ్లు తమ గుప్పిట్లోని కంప్యూటర్లకు ఆదేశాలు పంపడానికి ఐఆర్‌సీని చాలాకాలం వాడారు. మీ అకౌంట్స్ సెక్షన్ కంప్యూటర్‌లో ఐఆర్‌సీ వాడే 6667 పోర్టు తెరిచి ఉందంటే, అది ఎందుకు తెరిచి ఉందో కనుక్కోవాల్సిందే.

నాకు పైథాన్ వచ్చు. సాకెట్ తెరిచి నాలుగు లైన్లు పంపితే సరిపోదా? ఎన్‌మ్యాప్ ఎందుకు?

ఒకే సర్వర్ అయితే పైథాన్ చాలు. వంద యంత్రాలున్న నెట్‌వర్క్ అయితే, ఏ యంత్రం బతికుంది, ఏ పోర్టు తెరిచి ఉంది, ఆ పోర్టులో నిజంగా చాట్ సర్వరే ఉందా అన్న పనులన్నీ మీరే రాసుకోవాలి. ఎన్‌మ్యాప్ 1997 నుంచీ ఆ పనే చేస్తోంది. స్క్రిప్టులు నడిపే ఇంజన్ 2007 డిసెంబరులో వచ్చిన 4.50 వెర్షన్‌తో అందరికీ స్థిరంగా అందింది.

లువా గురించి భయపడకండి. 1993లో బ్రెజిల్‌లో పుట్టిన చాలా చిన్న భాష అది. పైథాన్ వచ్చినవాళ్లకు రెండు మూడు సాయంత్రాల్లో పట్టుబడుతుంది. అందులో నాకు బాగా నచ్చిన సుగుణం కోరొటీన్లు. మీ స్క్రిప్టు ఒక సర్వర్ జవాబు కోసం ఆగినప్పుడు ఇంజన్ దాన్ని పక్కన పెట్టి ఇంకో సర్వర్ పని చూస్తుంది, జవాబు రాగానే మళ్లీ దీని దగ్గరికొస్తుంది. మీరు మాత్రం పంపు, చదువు, పంపు, చదువు అని వరసగా రాసుకుంటూ పోతే చాలు. థ్రెడ్ల గొడవ ఉండదు.

స్క్రిప్టులో ఏయే భాగాలుంటాయి?

మొదట వివరణ, రచయిత పేరు, లైసెన్సు, వర్గాలు. తర్వాత ఈ స్క్రిప్టు ఎప్పుడు నడవాలో చెప్పే రూల్. చివర యాక్షన్ అనే ఫంక్షన్, అసలు పని దానిలోనే. చాట్ సర్వర్లకు దాదాపు ఎప్పుడూ పోర్ట్‌రూల్ (ఫలానా పోర్టు కనిపిస్తే నడువు అనే రూల్) సరిపోతుంది. షార్ట్‌పోర్ట్ లైబ్రరీలో పోర్టు నంబరు గానీ సర్వీసు పేరు గానీ సరిపోతే ఒప్పుకునే ఫంక్షన్ ఉంది, దాన్నే వాడండి. ఎందుకంటే ఐఆర్‌సీ సర్వర్‌ని 7000లో పెట్టేవాళ్లూ ఉంటారు. వెర్షన్ గుర్తింపు ఆప్షన్‌తో నడిపితే అక్కడా మీ స్క్రిప్టు పని చేస్తుంది.

వర్గాల విషయంలో నిజాయితీగా ఉండండి. సేఫ్ అని రాస్తే, ఇది ఎవరికీ ఇబ్బంది కలిగించదని మీరు మాట ఇచ్చినట్టే. పాస్‌వర్డులు ప్రయత్నించే స్క్రిప్టుకి ఆ ముద్ర వెయ్యకూడదు.

ఏ పోర్టులు చూడాలి?

ఐఆర్‌సీకి మొదట కేటాయించింది 194. అయితే యూనిక్స్‌లో 1024 కన్నా చిన్న పోర్టు తెరవాలంటే రూట్ అధికారం కావాలి కాబట్టి 6667 అలవాటుగా స్థిరపడింది. టీఎల్‌ఎస్‌కి (ఎన్‌క్రిప్ట్ చేసిన కనెక్షన్‌కి) 6697. ఎక్స్‌ఎంపీపీలో యూజర్లకు 5222, సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 5269, పాత తరహా టీఎల్‌ఎస్‌కి 5223. మ్యాట్రిక్స్ అనే ఇంకో చాట్ పద్ధతిలో సర్వర్ల మధ్య 8448.

ఐఆర్‌సీ సర్వర్‌కి కనెక్ట్ అవుతోంది, వెర్షన్ అడిగితే జవాబు లేదు. ఎందుకు?

అందరూ ఆగిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మెయిల్ సర్వర్ ముందే తన పేరూ ఊరూ చెప్తుంది, ఐఆర్‌సీ సర్వర్ అలా చెప్పదు. ముందు మీరు పరిచయం చేసుకోవాలి. నిక్ ఆదేశంతో ఒక మారుపేరు, యూజర్ ఆదేశంతో మిగతా వివరాలు పంపాలి. ఈ పరిచయం పూర్తయ్యేలోపు ఏది అడిగినా, ఇంకా రిజిస్టర్ కాలేదంటూ 451 నంబరుతో జవాబొస్తుంది.

ఆ రెండూ పంపాక కూడా చాలా సర్వర్లు వెంటనే లోపలికి రానివ్వవు. పింగ్ అంటూ ఒక యాదృచ్ఛిక సంఖ్య పంపుతాయి. అదే సంఖ్యను పాంగ్‌తో తిరిగి పంపితేనే పరిచయం పూర్తవుతుంది. దొంగ ఐపీ అడ్రసులతో వచ్చేవాళ్లను ఆపడానికి పెట్టుకున్న ఏర్పాటు ఇది. స్క్రిప్టు పింగ్‌ని పట్టించుకోకపోతే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చుంటారు, చివరికి సర్వరే లైన్ కట్ చేస్తుంది. అందుకే చదివే లూప్‌లో మొట్టమొదట చూడాల్సింది వచ్చిన లైను పింగా కాదా అని. పింగ్ తర్వాత ఎప్పుడైనా మళ్లీ రావచ్చు, కాబట్టి ఒక్కసారి చూసి వదిలెయ్యకండి.

మూడోది ఆలస్యం. మీరు కనెక్ట్ కాగానే సర్వర్ మీ ఐపీకి పేరుందేమో డీఎన్‌ఎస్‌లో వెతుకుతుంది. కొన్ని సర్వర్లు వెనక్కి తిరిగి మీ యంత్రం 113 పోర్టుని తట్టి ఐడెంట్ (ఈ కనెక్షన్ ఏ యూజర్‌దో చెప్పే సర్వీసు) జవాబు కోసం చూస్తాయి. మీ ఫైర్‌వాల్ ఆ ప్యాకెట్లను జవాబివ్వకుండా మింగేస్తుంటే సర్వర్ చాలా సెకన్లు ఎదురుచూస్తుంది. మీ టైమౌట్ ఐదు సెకన్లే పెట్టుకుంటే, బతికున్న సర్వర్‌ని చచ్చిందని రాసుకుంటారు. ముప్ఫై సెకన్ల దాకా ఇవ్వండి. 113కి వచ్చే ప్యాకెట్లను మింగేయకుండా తిరస్కరించేలా ఫైర్‌వాల్‌ని మార్చుకుంటే ఇంకా మంచిది.

001 నంబరుతో స్వాగతం లైను వచ్చిందంటే లోపలికి వెళ్లినట్టే.

మారుపేరు ఏది పెట్టాలి?

అక్షరంతో మొదలై తొమ్మిది అక్షరాలకు మించనిది. అంకెతో మొదలైతే ఒప్పుకోదు. 1993 నాటి ప్రమాణంలో హద్దు తొమ్మిదే, ఇప్పటి సర్వర్లు ఎక్కువ ఒప్పుకున్నా పాతవాటికీ సరిపోయేలా రాయడం మేలు. ఎన్‌మ్యాప్‌తో వచ్చే స్క్రిప్టు యాదృచ్ఛికంగా పేరు తయారు చేసుకుంటుంది. స్థిరమైన పేరు పెడితే, ఒకేసారి రెండు స్కాన్లు నడిచినప్పుడు పేరు వాడుకలో ఉందని 433 వస్తుంది. మీ సొంత సంస్థలో అయితే యూజర్ ఆదేశంలో అసలు పేరు రాసే చోట మీ విభాగం పేరు పెట్టండి. లాగ్ చూసే అడ్మిన్‌కి ఇదెవరో అర్థమవుతుంది, మీకు ఫోనొస్తుంది, సమస్య అక్కడితో తీరుతుంది.

లోపలికి వెళ్లాక ఏం అడగాలి?

సగం సమాచారం అడగకుండానే వస్తుంది. 002, 004 లైన్లలో సర్వర్ పేరు, వెర్షన్. 005లో నెట్‌వర్క్ పేరు, హద్దులు. 251 నుంచి 255 వరకు యూజర్లు, ఆపరేటర్లు, ఛానెళ్ల లెక్కలు. తర్వాత రోజువారీ సందేశం 375తో మొదలై 376తో ముగుస్తుంది, అసలు లేకపోతే 422. 376, 422లో ఏదొచ్చినా స్వాగతం అయిపోయినట్టు. 376 కోసం మాత్రమే చూసే స్క్రిప్టు, సందేశం పెట్టని సర్వర్ దగ్గర ఇరుక్కుపోతుంది.

ఆ తర్వాత వెర్షన్ ఒక్కసారి అడగండి, 351తో జవాబొస్తుంది. సర్వర్ ఎప్పటినుంచి నడుస్తోందో స్టాట్స్ ఆదేశం చెప్తుంది, చాలాచోట్ల ఆపరేటర్లకే ఇస్తారు, ఇవ్వకపోతే ఊరుకోండి. చివర క్విట్ పంపి బయటికి రండి. సాకెట్‌ని చటుక్కున మూసేస్తే అవతల లాగ్‌లో తెగిపోయిన కనెక్షన్‌లా కనిపిస్తుంది. వచ్చినవాళ్లు చెప్పి వెళ్లడం మర్యాద.

లైన్లు మధ్యలో తెగి వస్తున్నాయి.

టీసీపీకి లైన్లంటే తెలియదు, దానికి బైట్ల ప్రవాహం ఒక్కటే తెలుసు. ఒకసారి చదివితే అర లైను రావచ్చు, మూడున్నర లైన్లు రావచ్చు. ఎన్‌మ్యాప్ సాకెట్‌లో ఫలానా గుర్తు వచ్చేదాకా చదివి ఇచ్చే బఫర్ ఫంక్షన్ ఉంది. లైను ముగింపు గుర్తు వరకు చదవమని చెప్పండి. మీ ల్యాప్‌టాప్‌లోనే సర్వర్ పెట్టి పరీక్షించినప్పుడు ఈ లోపం బయటపడదు, దూరంగా ఉన్న సర్వర్ దగ్గరే పడుతుంది.

సర్వర్ సందేశం తెలుగులో ఉంటే స్క్రీన్ మీద ఈ0, బీ0 లాంటి సంకేతాలు వరసగా కనిపిస్తున్నాయి. పాడైందా?

పాడవలేదు. సర్వర్ పంపిన అనుమానాస్పద గుర్తులు మీ టెర్మినల్‌ని గందరగోళం చేయకుండా, మామూలు ఇంగ్లిష్ అక్షరాలు కానివాటిని ఎన్‌మ్యాప్ ఇలా బైట్ సంకేతాలుగా మార్చి చూపిస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ప్రతిదీ మూడు బైట్లు. మొదటి బైట్ ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 లేదా బీ1. ఆ జంట పదే పదే కనిపిస్తే అది తెలుగే.

మనవాళ్లు స్క్రిప్టు రాసేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. లువా స్ట్రింగు పొడవుని బైట్లలో లెక్కపెడుతుంది. "తెలుగు" అన్న మాట కంటికి మూడక్షరాలు, యూనికోడ్‌లో ఆరు గుర్తులు, లువాకి 18. ఒక్క "క్షే" నాలుగు గుర్తులు, 12 బైట్లు. మొదటి నలభై బైట్లు చాలని కత్తిరిస్తే గుర్తు మధ్యలో తెగుతుంది. ఐఆర్‌సీలో ఒక సందేశం ముగింపు గుర్తులతో కలిపి 512 బైట్లు దాటకూడదు కాబట్టి, సర్వర్ కూడా పొడుగు తెలుగు లైన్లను అలాగే తెంచేస్తుంది. ఇంగ్లిష్‌లో ఐదు వందల అక్షరాలు పట్టే చోట మనకు 170 గుర్తులు కూడా పట్టవు. తెగిన చివరి బైట్లను స్క్రిప్టులో తీసేసి మిగతాది ఉంచండి.

ఎక్స్‌ఎంపీపీ సర్వర్ ఐపీ ఇస్తే హోస్ట్ తెలియదంటోంది.

ఎక్స్‌ఎంపీపీలో మాట మొదలుపెట్టేటప్పుడే ఏ డొమైన్ కోసం వచ్చారో చెప్పాలి. ఒకే యంత్రం మీద నాలుగు డొమైన్లు నడవొచ్చు. ఐపీ చెప్తే ప్రోసొడీ లాంటి సర్వర్లు హోస్ట్ అన్‌నోన్ అని వెనక్కి పంపేస్తాయి. ఎన్‌మ్యాప్ సొంత స్క్రిప్టులో సర్వర్ పేరు ఇచ్చే ఆర్గ్యుమెంట్ ఇందుకే ఉంది. మీ స్క్రిప్టులోనూ అలాంటిది పెట్టండి. అయినా ఆ తిరస్కారం కూడా సమాచారమే. అవతల ఉన్నది ఎక్స్‌ఎంపీపీ సర్వరేనని దానితో ఖాయమైపోతుంది.

డొమైన్ సరిగ్గా చెప్తే సర్వర్ తన ఫీచర్ల జాబితా పంపుతుంది. అందులో నాలుగు చూడండి: టీఎల్‌ఎస్ ఉందా, ఉంటే తప్పనిసరా, లాగిన్ పద్ధతులేమిటి, కొత్త అకౌంట్లు ఎవరైనా తెరవొచ్చా. ఆఖరిది చాలామంది చూడరు. ఆఫీసు కోసమని పెట్టిన సర్వర్ ప్రపంచంలో ఎవరికైనా అకౌంటు ఇస్తోందంటే స్పామ్ పంపేవాళ్లకు గేటు తీసి పెట్టినట్టే.

చదవడంలో ఒక చిక్కుంది. ఎక్స్‌ఎంపీపీలో సంభాషణ మొత్తం ఒకే పెద్ద ఎక్స్‌ఎంఎల్ పత్రం. కనెక్షన్ మూసేదాకా దాని చివరి ట్యాగు రాదు. పూర్తి పత్రం కోసం చూసే పార్సర్ ఎప్పటికీ చూస్తూనే ఉంటుంది. ఫీచర్ల ముగింపు ట్యాగు వచ్చేవరకే చదివి, ఆ ముక్కను మాత్రం విడదీయండి.

టీఎల్‌ఎస్ ముందు, తర్వాత జాబితా వేరుగా వస్తోంది. ఏది నిజం?

రెండూ నిజమే, రెండూ రాసుకోవాలి. పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు పంపే ప్లెయిన్ పద్ధతిని సరిగ్గా పెట్టిన సర్వర్ టీఎల్‌ఎస్ తర్వాతే చూపిస్తుంది. ముందే చూపిస్తోందంటే, నెట్‌వర్క్ మధ్యలో కూర్చున్నవాడికి పాస్‌వర్డులు కనిపించే వీలుందన్నమాట. రిపోర్టులో పైన పెట్టాల్సిన లైను ఇదే. అదే సాకెట్‌ని టీఎల్‌ఎస్‌కి మార్చే ఫంక్షన్ ఎన్‌మ్యాప్‌లో ఉంది. మార్చాక స్ట్రీమ్‌ని మళ్లీ మొదటినుంచి తెరవాలి. పనిలో పనిగా సర్టిఫికెట్ గడువు కూడా చూడండి.

మ్యాట్రిక్స్, మ్యాటర్‌మోస్ట్ లాంటివి?

ఇవి హెచ్‌టీటీపీ మీద నడుస్తాయి, కాబట్టి హెచ్‌టీటీపీ లైబ్రరీతో ఒక్క విన్నపం చాలు. మ్యాట్రిక్స్ ఫెడరేషన్‌లో (సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట) వెర్షన్ చెప్పే చిరునామా ప్రమాణంలోనే ఉంది, జేసన్ రూపంలో సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ ఇస్తుంది.

సర్వర్ చెప్పిన వెర్షన్‌ని నమ్మొచ్చా?

ఆధారంగా తీసుకోండి, తీర్పుగా వద్దు. అడ్మిన్ దాన్ని మార్చి ఉండొచ్చు. డెబియన్ లాంటి పంపిణీల్లో సెక్యూరిటీ సవరణలు పాత వెర్షన్‌కే కలుపుతారు, నంబరు పాతదే కనిపిస్తుంది. పైన చెప్పిన అన్‌రియల్ సంగతిలో మంచి ఫైలూ చెడ్డ ఫైలూ ఒకే నంబరు చెప్పేవి, చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే గుర్తింపు సంఖ్య) పోల్చి చూస్తే గానీ తేడా తెలియదు. అందుకే స్క్రిప్టు జవాబులో "ప్రమాదం ఉంది" అని రాయకుండా సర్వర్ ఏం చెప్పిందో అదే రాయండి.

నేనే సర్వర్ నడుపుతున్నాను. వెర్షన్ దాచెయ్యాలా?

ముందు అప్‌డేట్ చేయండి. దాచడం తర్వాత సంగతి. దాచిన పాత సర్వర్ కన్నా చెప్పుకునే కొత్త సర్వర్ వెయ్యి రెట్లు నయం.

స్క్రిప్టు రెండోసారి నడిపితే సర్వర్ నన్ను రానివ్వడం లేదు.

మళ్లీ మళ్లీ వేగంగా కనెక్ట్ అయ్యే ఐపీని ఐఆర్‌సీ సర్వర్లు కాసేపు ఆపేస్తాయి. ఎర్రర్ అనే లైనులో కారణం ఉంటుంది, దాన్ని పారేయకుండా జవాబులో చూపించండి. 465 వస్తే నిషేధించారని అర్థం. దాన్ని తప్పించుకోవడానికి వేరే ఐపీ నుంచి వెళ్లకండి. వద్దన్నారు, అంతే.

మన దేశంలో చట్టం ఏమంటుంది?

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని గానీ బాధ్యుడు గానీ అనుమతించకుండా కంప్యూటర్‌లోకి, నెట్‌వర్క్‌లోకి ప్రవేశించడం తప్పు. అదే పని మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల్లో, ఆరు గంటల్లోపు తెలియజేయాల్సిన ఘటనల జాబితాలో కీలక వ్యవస్థలను లక్ష్యంగా చేసుకున్న స్కానింగ్ కూడా ఉంది. అంటే మీకు సరదాగా అనిపించిన స్కాన్ అవతలి సంస్థకు ప్రభుత్వానికి చెప్పుకోవాల్సిన ఘటన కావచ్చు.

మీ సొంత సంస్థలోనైనా అనుమతి నోటిమాటగా తీసుకోకండి. ఏ ఐపీలు, ఏ తేదీలు, ఏ స్క్రిప్టులు అన్నది మెయిల్‌లో రాయించుకోండి. హాస్టల్ వైఫై మీద ప్రయోగాలు చేసే విద్యార్థులకు ఇది మరీ మరీ చెప్తున్నాను. ఆ నెట్‌వర్క్ కాలేజీది, మీది కాదు.

మరి ఎక్కడ నేర్చుకోవాలి?

మీ ల్యాప్‌టాప్‌లోనే. వర్చువల్ మెషీన్‌లో ఎన్‌జీఐఆర్‌సీడీ, ఇన్‌స్పై ఐఆర్‌సీడీ, ప్రోసొడీ, ఈజాబర్డీ పెట్టుకోండి. అన్నీ ఉచితం, చిన్న మెమరీతో నడుస్తాయి. ఒకటే పెట్టుకుని ఆగిపోకండి, ఒక్కో సర్వర్ పలకరింపు ఒక్కో తీరుగా ఉంటుంది. స్క్రిప్ట్ ట్రేస్ ఆప్షన్‌తో నడిపితే వెళ్లే ప్రతి బైటూ వచ్చే ప్రతి బైటూ కనిపిస్తుంది. ఆ తర్వాత కావాలనే పాడు చేయండి: సందేశం ఫైలు తీసేయండి, సర్వర్‌ని మధ్యలో ఆపండి, టీఎల్‌ఎస్ పోర్టుకి మామూలు కనెక్షన్ పంపండి. ఎన్‌మ్యాప్‌వాళ్లు అభ్యాసం కోసం తెరిచి ఉంచిన స్కాన్‌మీ సర్వర్ పోర్టు స్కానింగ్ నేర్చుకోవడానికి బాగుంటుంది గానీ, చాట్ ప్రోటోకాల్ నేర్చుకోవాలంటే సొంత ల్యాబే పెట్టుకోవాలి.

స్క్రిప్టు ఫలితం ఎలా తిరిగివ్వాలి?

పొడుగు వాక్యంగా కాకుండా టేబుల్‌గా. వరస చెడకుండా ఉంచే అవుట్‌పుట్ టేబుల్ ఎస్‌టీడీఎన్‌ఎస్‌ఈ లైబ్రరీలో ఉంది. అలా ఇస్తే స్క్రీన్ మీద అందంగా వస్తుంది, ఎక్స్‌ఎంఎల్ ఫైలులో విడివిడి అంశాలుగా పడుతుంది. వచ్చే నెల మళ్లీ నడిపి ఏం మారిందో ప్రోగ్రాముతోనే పోల్చొచ్చు. ఏమీ దొరకకపోతే ఖాళీ టేబుల్ ఇవ్వకండి, నిల్ ఇవ్వండి.

నా స్క్రిప్టు ఎన్‌మ్యాప్‌లో చేరాలంటే?

గిట్‌హబ్‌లో ఎన్‌మ్యాప్ రిపాజిటరీకి పుల్ రిక్వెస్ట్ పంపాలి. వాడకం, ఆర్గ్యుమెంట్లు, నమూనా ఫలితం స్క్రిప్టు తలలోనే వ్యాఖ్యలుగా రాయాలి. వాటి నుంచే డాక్యుమెంటేషన్ పేజీ తయారవుతుంది. నమూనా ఫలితంలో నిజమైన సర్వర్ పేరో ఐపీనో పెట్టకండి, మీ ల్యాబ్ సర్వర్‌ది పెట్టండి. పంపేముందు ఐఆర్‌సీ ఇన్ఫో, ఎక్స్‌ఎంపీపీ ఇన్ఫో స్క్రిప్టులను మొదటి లైను నుంచి చివరి దాకా చదవండి. మీరు రాయబోయేది వాటిలో ఇప్పటికే ఉంటే, కొత్త స్క్రిప్టు కన్నా ఉన్నదానికి సవరణ పంపడమే త్వరగా ఆమోదం పొందుతుంది.